ఏడుపు పాటల జమాఖర్చు

మనలో చాలామందికి పాటల జాబితాలు రెండుంటాయి. నలుగురిలో అడిగితే త్యాగరాజ కృతులూ, కృష్ణశాస్త్రి గేయాలూ అంటాం. ఒంటరిగా వినేవి వేరు. ఆ రెండో జాబితాలో ఏనాడూ చోటు తప్పని పాట, ‘ప్రేమనగర్’ (1971)లో ఆత్రేయ రాయగా ఘంటసాల పాడిన విషాదగీతం. ప్రేమ చెడిన జమీందారు బిడ్డ తన మనసును తలుచుకుని కుమిలిపోయే పాట అది.

‘ఏడుపు పాట’ అని దాన్ని తీసిపారేయడం సులువు. అందుకు కారణాలూ లేకపోలేదు. 1953 నాటి ‘దేవదాసు’ దగ్గర్నుంచి అక్కినేని నాగేశ్వరరావు చేతికి గ్లాసిచ్చి మనల్ని ఏడిపించడం సినిమావాళ్లకు అలవాటైపోయింది. పైగా చివరి చరణంలో కవి దేవుణ్ణి కూడా ముద్దాయిని చేశాడు. అంతవరకూ నిగ్రహంగా నడిచిన బాధ అక్కడ ఫిర్యాదుగా దిగజారింది. ఇదంతా ఖర్చు పద్దు.

జమలో మొదట రాయవలసింది మాటలు. తొలి చరణంలో నిఘంటువుతో పని లేదు. ఇచ్చిన బాకీ తిరిగి రాకపోతే, కుండ పగిలితే ఇంట్లో అనుకునే మాటలే. పొట్టి పొట్టి వాక్యాలు, ప్రతిదీ కాదు లేదన్న తీరునే ముగుస్తుంది. ఆ తర్వాత, అన్నీ తెలిసి ఏడవడంలోనూ ఒక రుచి ఉందని పాటే ఒప్పుకుంటుంది. చాటుగా వినే మన గుట్టు కవి ముందే రట్టు చేశాడన్నమాట!

సాహిత్యం ముందు, బాణీ తర్వాత అన్నది కె.వి. మహదేవన్ పద్ధతి. ఆయన తమిళుడైనా తెలుగు మాట విరుపును బాణీకి బలిపెట్టలేదు. ఘంటసాల కూడా వెక్కిళ్లు పెట్టలేదు. మాటను నిండుగా పలికి, ఏడుపు మనకు వదిలేశారు.

తమిళనాట ఉన్నవారికి పోలిక దగ్గరలోనే ఉంది. దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు, మహదేవన్ కలిసి 1972లో ఇదే కథను శివాజీ గణేశన్‌తో ‘వసంత మాళిగై’గా తెచ్చారు. పాటలు కణ్ణదాసన్‌వి, గొంతు టి.ఎం. సౌందరరాజన్‌ది. అక్కడి నాయకుడు దేవుడి ముందు నిలబడి చమత్కారంగా వరమడుగుతాడు. ఆ ఊహ గొప్పదే, అయితే మెచ్చుకోవడానికి ఒక క్షణం ఆగుతాం. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ మనల్ని ఆగనివ్వడు. ఇది తన ఒక్కడి కష్టం కాదు, మనుషులందరి స్థితి అని తేల్చేస్తాడు.

ఇప్పుడు మన సంగతి. హోసూరులోనో, బళ్లారిలోనో తెలుగు అక్షరం రాని పిల్లలు కూడా ఈ పాట కూనిరాగం తీస్తారు. సంతోషమే. కానీ చదువు, లెక్క, తగవు, నవ్వు అన్నీ పక్క భాషలో జరిగిపోయి, కన్నీటికి మాత్రమే తెలుగు మిగిలితే ఏం లాభం? ఆత్రేయ బలమంతా వంటింటి నుంచీ, బజారు నుంచీ వచ్చింది. ‘అతుకు’ అంటే ఏమిటని మనవడు అడిగే ఇంట్లో ఆ పాటకు రాగం మిగులుతుంది, దెబ్బ తగలదు.

కాబట్టి ఈ పాటల్ని దాచుకోనక్కరలేదు. పిల్లల ముందే పెట్టండి. అర్థం కాని మాట దగ్గర ఆపి, దాన్ని ఇంట్లో ఎక్కడెక్కడ వాడేవారో చెప్పండి. ఆ తర్వాత కలిసి ఏడవవచ్చు.