ఉర్దూ విశ్వవిద్యాలయాలు - తెలుగు చదివే ముస్లిమ్ విద్యార్థి: ఒక పరిశీలన

ప్రతి ప్రవక్తనూ అల్లాహ్ ఆయన జాతి మాట్లాడే భాషతోనే పంపాడని దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీమ్ సూరా తెలుపుతున్నది. విషయం ప్రజలకు స్పష్టపడాలన్నదే అందులోని ఉద్దేశం. మన విద్యాసంస్థల విధానాలను ఈ గీటురాయి మీద పరీక్షించి చూడవలసిన అవసరం ఉన్నది.

హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పార్లమెంటు చట్టం ద్వారా 1998లో ఏర్పడింది. ఉర్దూ భాషాభివృద్ధి, ఉర్దూ మాధ్యమంలో వృత్తి, సాంకేతిక విద్య, దూరవిద్య, స్త్రీవిద్య దాని లక్ష్యాలు. తొలుత దూరవిద్యతో మొదలై 2004 నుండి తరగతి బోధన ప్రారంభించింది. మదరసా విద్యార్థులు ఆధునిక కోర్సులలోకి ప్రవేశించేందుకు వారధిగా ప్రత్యేక పాఠ్యక్రమాన్ని ఏర్పాటు చేసింది. 2018లో మన సీమలోనే, కడపలో, పాలిటెక్నిక్‌ను నెలకొల్పింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో అవతరించింది. 2022లో ఉర్దూ ఆంధ్రప్రదేశ్‌కు రెండవ అధికార భాష అయింది. ఇవన్నీ మేలైన పనులే. వీటిని తక్కువ చేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే ఈ తలుపులు ఎవరికి తెరుచుకుంటున్నవి? జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చేరగోరే విద్యార్థి కింది తరగతులలో ఉర్దూను మాధ్యమంగానో పాఠ్యాంశంగానో చదివి ఉండాలి, లేదా గుర్తింపు గల మదరసా పట్టా కలిగి ఉండాలి. ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ కోరడంలో తప్పు లేదు. కాని అమరాపురం వంటి చోట ఈ నియమం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరు. ఇక్కడి ముస్లిమ్ పిల్లవాడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, సంతలో కన్నడం మాట్లాడతాడు, బడిలో తెలుగు చదువుతాడు. మక్తబులో ఖుర్ఆన్ పారాయణం నేర్చుకుంటాడు గనుక అరబీ అక్షరాలు కూడబలుక్కోగలడు. కాని ఒక ఉర్దూ పుటను అర్థం చేసుకుంటూ చదవలేడు. నోట ఉర్దూ ఉండి చేత లేని ఈ పిల్లవాడు ఉర్దూ విశ్వవిద్యాలయానికి పరాయివాడు. ఇస్లామీయ శాస్త్రాలను ఉన్నత స్థాయిలో తెలుగులో చదువుదామంటే పుస్తకాలు చాలవు. ఇతడు రెంటికీ చెడుతున్నాడు.

ఇక మదరసాలో చదివి వచ్చిన యువకుడి సంగతి. అమరాపురంలో అటువంటి ఒక యువకుడు ఒకసారి నా దగ్గరికి వచ్చి, "హజ్రత్, నాకు లెక్కలు రావంటున్నారు, ఇక నేను డిగ్రీకి పనికిరానా?" అని అడిగాడు. ఫరాయిజ్ చదివావా అన్నాను. చదివానన్నాడు. భార్య, తల్లి, ఒక కుమారుడు ఉన్న వ్యక్తి మరణిస్తే పంపకం చెప్పమన్నాను. కాగితం ముట్టకుండానే చెప్పాడు: మొత్తం 24 భాగాలు, భార్యకు ఎనిమిదో వంతు గనుక 3, తల్లికి ఆరో వంతు గనుక 4, మిగిలిన 17 కుమారుడికి. 8కి, 6కి 24 ఎలా వచ్చిందో అతడికి బాగా తెలుసు. దానినే తెలుగు బడిలో క.సా.గు. అంటారని మాత్రం తెలియదు. మంతిఖ్ చదివాడు, అది తర్కశాస్త్రమని తెలియదు. ఇతడికి కొరవడింది జ్ఞానం కాదు, దాని పేరు.

ఈ అనుభవం నాకూ ఉన్నది. మదరసా చదువు ముగించి ఒక విశ్వవిద్యాలయ కార్యాలయానికి వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తా నా సనదును తలక్రిందులుగా పట్టుకుని చూసి, ఇది ఏ తరగతికి సమానమని నన్నే అడిగాడు. అతడిని నేను నిందించను. ఆ పత్రంలో ఏమున్నదో అతడికి తెలిసే భాషలో చెప్పే ఏర్పాటు మనమే చేసుకోలేదు.

ఈ గడ్డ మీద ఇటువంటి ఏర్పాటుకు పూర్వరంగం లేకపోలేదు. 1917లో హైదరాబాదులో దారుత్తర్జుమా ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కావలసిన పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తేవడం దాని పని. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి నిర్వాహకుడు. కర్నూలు విశ్వవిద్యాలయం పేరులోని అబ్దుల్ హఖ్ వేరు, ఆయన 1947లో కర్నూలు ఉస్మానియా కళాశాలను స్థాపించినవారు. మీర్జా హాదీ రుస్వా, అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ వంటివారు అక్కడ అనువాదాలు చేశారు. పారిభాషిక పదాల కల్పనపై వహీదుద్దీన్ సలీమ్ ఒక గ్రంథమే రచించారు. మఆషియాత్, నఫ్సియాత్ వంటి పదాలతో ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని, వైద్యశాస్త్రం కూడా బోధించవచ్చునని ఆ సంస్థ నిరూపించింది.

దానిలోని లోపాన్ని కూడా దాచుకోకూడదు. ఆ రాజ్యంలో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. గ్రంథాలు మాత్రం ఉర్దూలోకే వచ్చాయి. తెలుగు ఇంట పుట్టిన విద్యార్థికి ఇంగ్లీషు ఎంత దూరమో ఆ ఉర్దూ కూడా దాదాపు అంత దూరమే అయింది. 1948 తరువాత ప్రభుత్వం మారగానే బోధనామాధ్యమం మారింది, ఆ పుస్తకాలు తరగతి గదికి దూరమయ్యాయి. ప్రభువుల ఆదరణ ఎంత ఉన్నా, చుట్టూ ఉన్న జనం భాషతో రాకపోకలు లేని విద్య నిలబడదని ఈ చరిత్ర చెబుతున్నది. 1968లో తెలుగు అకాడమీ వెలిసి ఇదే పనిని తెలుగులో చేపట్టింది. అరబీ, ఉర్దూ శాస్త్రగ్రంథాలను తెలుగు విద్యార్థికి అందించే ఉమ్మడి పని మాత్రం వెనుకబడే ఉన్నది.

రాయలసీమకు ఆ పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాల అధ్యాపకుడు. ఆయన తెలుగు ఖుర్ఆన్ అనువాదం 1925లో వెలువడింది. ముస్లిమ్ కాని ఒక పండితుడు మన జిల్లాలో కూర్చుని అంతటి భారాన్ని తలకెత్తుకున్నాడు. నూరేళ్ళు గడిచాయి. మదరసాలలో, విశ్వవిద్యాలయాలలో చదివిన మనం ఆ పనిని ఎంత ముందుకు తీసుకుపోయామో ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

కనుక ఉర్దూ విశ్వవిద్యాలయాలను కోరవలసినవి మూడు. ఒకటి: ఉర్దూ మాట్లాడగలిగి చదవలేని తెలుగు విద్యార్థికి ఒక సంవత్సరం ప్రవేశపూర్వ శిక్షణ ఇవ్వాలి. మదరసా విద్యార్థికి కట్టిన వారధి ఇతడికీ కావాలి. రెండు: మదరసా శాస్త్రాల పారిభాషిక పదాలకు తెలుగు సమానార్థకాలతో ఒక నిఘంటువు తయారుచేయాలి. మూడు: ప్రవేశ నియమాలను, ఉపకారవేతనాల వివరాలను ఏటా తెలుగులో ముద్రించి ప్రతి మస్జిదుకూ పంపాలి.

మన వంతు కూడా ఉన్నది. మదరసా నిర్వాహకులు సనదుతో పాటు చదివిన శాస్త్రాల జాబితాను తెలుగులో ఇవ్వవచ్చు. మక్తబులో ఖుర్ఆన్ పారాయణంతో పాటు రోజుకు అరగంట ఉర్దూ చదవడం, రాయడం నేర్పవచ్చు. వీటికి ఏ చట్టమూ అక్కరలేదు. తెలుగు నేర్చుకుంటే దీన్ పలచబడుతుందనే భయం నిరాధారమైనది. దైవప్రవక్త (స) స్వయంగా జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు, ఆయన కొద్ది రోజులలోనే నేర్చుకున్నారు. బగ్దాదులో గ్రీకు వైద్యగ్రంథాలను అరబీలోకి తెచ్చిన హునైన్ బిన్ ఇస్హాఖ్ క్రైస్తవుడు. భాషల మధ్య రాకపోకలు సాగినంత కాలం మన విద్య వర్ధిల్లింది.

అమరాపురం యువకుడు ఇప్పుడు తెలుగు లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాడు. ప్రతి పదం పక్కన పెన్సిలుతో ఉర్దూ పదం రాసుకుంటున్నాడు. ఒక విశ్వవిద్యాలయం చేయవలసిన పని అది. అతడు ఒంటరిగా చేస్తున్నాడు.