నలుపులో ఎన్ని నలుపులు

ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి పగిలిన చేను బ్లాక్ అండ్ వైట్ ఫొటో కోసమే ఉన్నట్టు కనిపిస్తుంది. కింద నల్లటి నేల, పైన తెల్లటి దూది. కాంట్రాస్ట్ కోసం ఇంకేం వెతకాలి అనిపిస్తుంది. ప్రింటు వేసి ఆరబెట్టాక చిక్కు బయటపడుతుంది. నేల తారు పోసినట్టు ఒకటే ముద్ద. మట్టిపెడ్డలు లేవు, నెర్రెలు లేవు. పత్తి సున్నం చల్లినట్టు ఉంది. కాయ ఎలా విచ్చుకుందో, పోగు ఎటు వేలాడుతోందో తెలియదు. కావలసినంత నలుపూ తెలుపూ వచ్చాయి కానీ చేను రాలేదు. నలుపుకూ తెలుపుకూ మధ్య దూరం ఎంత పెంచితే అంత మంచి కాంట్రాస్ట్ అనే నమ్మకం దగ్గరే ఈ పొరపాటు మొదలవుతుంది. నా వాదన వేరు. నలుపులో ఉన్న పది నలుపులను, తెలుపులో ఉన్న పది తెలుపులను ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూపించగలిగినప్పుడే అది మంచి కాంట్రాస్ట్. ఉత్తర తెలంగాణ వంటి చోట ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించినది కూడా.

ఇక్కడి బతుకులో ముఖ్యమైనవన్నీ టోన్ల (నలుపు తెలుపు ఛాయల) వరుసకు ఆ చివరనో ఈ చివరనో ఉంటాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబావుల నుంచి పైకొచ్చే కార్మికుడి ముఖం ఒక చివర. రైతు తలపాగా, పత్తి మార్కెట్‌లో దూది కుప్ప ఇంకో చివర. దీపావళి రోజుల్లో గోండుల దండారి నృత్యం ఆడే గుస్సాడీ వేషధారి ఒంటి మీద ఆ రెండు చివరలూ కలిసే ఉంటాయి: నల్లటి చర్మం, దాని మీద బూడిద, భుజాన జంతుచర్మం, తల మీద నెమలి ఈకల టోపీ. 1940లో జోడేఘాట్‌లో నిజాంపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీమ్ నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సాయం తీసుకుంది. ఆయన మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసుకున్నారు, ఫొటోలు తీశారు. రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్న ఆ ఫొటోల సంపద ఈ నేలకు పెద్ద సాక్ష్యం. అటువంటి సాక్ష్యం విలువ టోన్లలో ఉంటుంది. తోటి తెగ మహిళలు పొడిచే పచ్చబొట్టునే తీసుకోండి. గోధుమ రంగు చర్మం మీద ఆ నీలిపచ్చ గీత బ్లాక్ అండ్ వైట్‌లోకి వచ్చేసరికి చుట్టూ ఉన్న బూడిద రంగు కంటే ఒకటి రెండు మెట్లు మాత్రమే ముదురు. ప్రింటు ఆ కాస్త తేడాను మింగేసిందా, ఒక ఆచారమే కనపడకుండా పోతుంది.

ఆ తేడాను కాపాడాలంటే ఫొటో కాగితానికి ఉన్న శక్తి ఎంతో ముందు తెలుసుకోవాలి. జెలటిన్‌లో కలిపిన వెండి లవణాల పూత, దాని కింద బెరైటా అనే తెల్లటి పొర, ఆ కింద కాగితం. మంచి గ్లాసీ కాగితం మీద అతి చిక్కటి నలుపు దాని మీద పడిన వెలుగులో సుమారు 1 శాతాన్ని తిప్పి పంపుతుంది. తెల్లటి భాగం సుమారు 90 శాతాన్ని పంపుతుంది. అంటే కాగితం చూపగల తేడా దాదాపు 1:90. మ్యాట్ కాగితానికి ఇందులో సగం కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్ల పంచెకూ వేపచెట్టు నీడలోని నల్లమేకకూ మధ్య తేడా దీనికి ఎన్నో రెట్లు. కాబట్టి ఎదుట ఉన్నదంతా కాగితం మీదికి యథాతథంగా రాదు. దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అని ప్రింటు వేసే మనిషి నిర్ణయించక తప్పదు.

ఆ నిర్ణయానికి మొదటి సాధనం కాగితం గ్రేడు, అంటే దాని కాంట్రాస్ట్ మెట్టు. 0 నుంచి 5 దాకా నంబర్లు; 2 నార్మల్, అంతకు తక్కువైతే సాఫ్ట్, ఎక్కువైతే హార్డ్. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారు చేసిన ‘ఇందు’ కాగితం ఒకప్పుడు మన దేశంలో అందరూ ఎరిగిన పేరు. గ్రేడు కాగితంతో ఇబ్బంది ఏమిటంటే, ఒక్కో గ్రేడుకు ఒక్కో ప్యాకెట్ కొనాలి. ఇల్‌ఫర్డ్ కంపెనీ 1940లో తెచ్చిన మల్టీగ్రేడ్ కాగితం ఆ బాధ తీర్చింది. దాని పూత నీలి వెలుగుకు హార్డ్‌గా, పచ్చ వెలుగుకు సాఫ్ట్‌గా స్పందిస్తుంది. పసుపు ఫిల్టర్ నీలిని ఆపుతుంది కనుక ప్రింటు మెత్తబడుతుంది. మెజెంటా ఫిల్టర్ పచ్చను ఆపుతుంది కనుక గట్టిపడుతుంది. నెగటివ్‌ను కాగితం మీదికి పెద్దదిగా వేసే ఎన్లార్జర్ ప్రభావం కూడా ఇందులో ఉంటుంది. అదే నెగటివ్, అదే కాగితమైనా, వెలుగును కటకంతో కూడగట్టే కండెన్సర్ ఎన్లార్జర్‌లో వేసిన ప్రింటు, వెలుగును చెదరగొట్టే డిఫ్యూజర్ ఎన్లార్జర్‌లో వేసినదాని కంటే దాదాపు ఒక గ్రేడు హార్డ్‌గా వస్తుంది.

గుస్సాడీ నెగటివ్ ఒకటి ఎన్లార్జర్‌లో ఉందనుకుందాం. 2వ గ్రేడు ఇచ్చే ఫిల్టర్ పెట్టి, బూడిద పూసిన ఛాతీ పడే చోట కాగితం పట్టీ పరిచి, అట్టముక్కను ఐదేసి సెకన్లకు ఒకసారి జరుపుతూ 5, 10, 15, 20 సెకన్ల మెట్లు వేస్తారు. పట్టీని బొమ్మ తేల్చే మందు అయిన డెవలపర్‌లో పూర్తిగా రెండు నిమిషాలు ఉంచి, స్టాప్‌బాత్, హైపో (ఫిక్సర్) దాటించి, మామూలు దీపం కింద చూస్తారు. 10 దగ్గర బూడిద ఉట్టి తెల్ల కాగితంలా ఉంది. 15 దగ్గర వేళ్లతో పూసిన చారలు తేలాయి. ఎక్స్‌పోజర్ అదే. ఆ తరువాతే నలుపు సంగతి చూడాలి. అదే 15 సెకన్ల ప్రింటులో జంతుచర్మం మీది వెంట్రుకలు నీడలో కలిసిపోతే ఫిల్టర్‌ను 1కి దించాలి. నీడ బూడిదరంగుకు తిరిగి చప్పగా ఉంటే 3కి పెంచాలి. ఎక్స్‌పోజర్ తెలుపును తేలుస్తుంది, గ్రేడు నలుపును తేలుస్తుంది. ఈ వరుస తప్పించి, ప్రింటు చప్పగా ఉందని సెకన్లు పెంచుకుంటూ పోతే నలుపు రావడం మాట అటుంచి తెలుపు కూడా మాసిపోతుంది.

కాగితం ఎంత మంచిదైనా మందుల దగ్గర పొరపాటు జరిగితే ఫలితం ఉండదు. ఆ పొరపాటుకు ఇక్కడి వాతావరణం రెండు వైపుల నుంచీ దారి తీస్తుంది. డెవలపర్ లెక్కలన్నీ 20 డిగ్రీల సెల్సియస్‌కు కట్టినవి. మే నెలలో కరీంనగర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ట్యాంకు నీళ్లే కాగి ఉంటాయి. బొమ్మ గబగబా ఎక్కుతుంది. నల్లబడిపోతోందన్న కంగారులో అర నిమిషానికే బయటికి లాగితే నలుపు చిక్కబడదు, మచ్చలు తేలుతాయి, జెలటిన్ ఉబ్బి గోరు తగిలితే లేచిపోతుంది. ట్రేను మంచునీళ్ల తొట్టిలో ఉంచడం, పొగమంచు కమ్మినట్టుండే ఫాగ్‌ను ఆపడానికి డెవలపర్‌లో చిటికెడు పొటాషియం బ్రోమైడ్ ఎక్కువ వేయడం, జెలటిన్ గట్టిపడేలా ఫిక్సర్‌లో పటిక కలిపిన హార్డెనర్ వాడటం దీనికి విరుగుడు. ఆదిలాబాద్ చలికాలం ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. డెవలపర్‌లో చిక్కటి నలుపునిచ్చేది హైడ్రోక్వినోన్. చల్లదనం 13 డిగ్రీల కిందికి దిగితే అది దాదాపు పని మానేస్తుంది. డెవలపర్‌లోని ఇంకో మందు మెటోల్ ఒక్కటే బొమ్మను లాక్కొస్తుంది, ప్రింటు నీళ్ల చారులా ఉంటుంది. కాగితం పాతదని తిట్టే ముందు ట్రేలో థర్మామీటర్ పెట్టి చూడాలి. అలాగే డార్క్‌రూమ్‌లోని ఎర్రటి సేఫ్‌లైట్ కింద కాగితం మీద రూపాయి బిళ్ల పెట్టి, ఐదు నిమిషాలు ఉంచి కడిగితే బిళ్ల జాడ కనపడకూడదు. కనపడిందంటే ఆ ఎర్రదీపమే తెలుపును మెల్లగా తినేస్తోందని అర్థం.

హార్డ్ ప్రింటు తప్పెందుకు, బొగ్గు కార్మికుడి బతుకు కఠినమైనది కనుక ప్రింటూ కఠినంగా ఉండాలి కదా అని అడిగేవారున్నారు. మబ్బు పట్టిన రోజు తీసిన చప్పటి నెగటివ్‌ను 4వ గ్రేడే కాపాడుతుంది. తెలిసి ఎంచుకుంటే అదీ మంచి కాంట్రాస్టే. అయితే బొగ్గు ఉట్టి నలుపు కాదు. విరిగిన అంచు మెరుస్తుంది, చర్మానికి అంటిన ధూళికి మ్యాట్ బూడిద ఛాయ ఉంటుంది, చెమట కారిన చోట గీత పడుతుంది. వీటిని ఒకే నలుపులో ముంచితే కష్టం కనపడదు, మనిషి ఆకారం మాత్రం మిగులుతుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పెళ్లి సంబంధాలకు పంపే ఫొటోల్లో రంగు తేల్చి చూపమని అడగడం మన దగ్గర మామూలు. ముఖం తెల్లబడటానికి సెకన్లు తగ్గిస్తారు. దాంతో వెలిసిన జుట్టును మళ్లీ నల్లబరచడానికి గ్రేడు పెంచుతారు. ఫలితంగా చెంప ఎత్తు, కంటి కింది గుంట, నుదుటి గీత చెరిగిపోతాయి. నల్లటి ముఖాన్ని నల్లగానే ఉంచి అందులోని ఎత్తుపల్లాలు చూపించడం ఎక్కువ నేర్పు కావలసిన పని. ముఖం మీద కాసేపు వెలుగు ఆపడం, పంచె మీద కాసేపు ఎక్కువ ఇవ్వడం, ఆరాక ప్రింటు ఒక పిసరు ముదురుతుందని ముందే లెక్క వేసుకోవడం అందుకోసమే.

ఇదంతా కంప్యూటర్‌లో నిమిషంలో అవుతుంది కదా అన్నది అన్నిటికంటే బలమైన ఆక్షేపణ. నిజమే, టోన్ల మీద అక్కడ దొరికే పట్టు డార్క్‌రూమ్‌లో దొరకదు. కాగితం ఖరీదు కూడా చిన్నది కాదు. కానీ పట్టు ఉండటం, దాన్ని ఎటు తిప్పాలో తెలియడం వేరువేరు. ఫోను మనల్ని అడగకుండానే ముఖాన్ని తేల్చేస్తుంది, నీడను ముంచేస్తుంది. డార్క్‌రూమ్‌లో ప్రతి మెట్టు దగ్గరా కాగితం ఒక ప్రశ్న వేస్తుంది, తప్పు జవాబుకు ఒక షీటు ఖర్చవుతుంది. ఆ క్రమశిక్షణలో తయారైన కన్ను ఏ తెర ముందు కూర్చున్నా పనికొస్తుంది. పాత స్టూడియోల నెగటివ్‌లను రేపు స్కాన్ చేయబోయేవారికి కూడా కావలసింది ఆ కన్నే. అందుకే కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో కాలేజీకి ఒక్క ఎన్లార్జర్ అయినా పనిచేస్తూ ఉండాలని కోరుతున్నాను. అక్కడ నేర్చుకునే విద్యార్థి తన ప్రింటు బాగుందో లేదో నలుపు ఎంత నల్లగా ఉందో చూసి తేల్చనక్కరలేదు. గోండు అవ్వ చేతి మీది పచ్చబొట్టులో చుక్కలు లెక్కపెట్టగలుగుతున్నాడా అని చూసుకుంటే చాలు.