దీపం బిడ్డకా, తల్లికా?

జీరో బల్బు అని పేరేగానీ, పాతరోజుల్లో అది 12 నుంచి 15 వాట్లు తినేది. ఇప్పటి ఎల్‌ఈడీ అర వాటుతో సరిపెట్టుకుంటోంది. కరెంటు సంగతి అలా ఉంచితే, మా ఇంట్లో మూణ్ణెల్ల మనవరాలి గదిలో ఆ బల్బు వెయ్యాలా వద్దా అన్నది పెద్ద పంచాయితీ అయింది. "అదేంటి వదినగారూ, పసిబిడ్డని చీకట్లో పడుకోబెడతారా? ఉలిక్కిపడదూ?" అని మా వియ్యపురాలు. మా అమ్మాయేమో కిటికీకి రెండు పొరల కర్టెన్ వేసి, ఏసీ మీద వెలిగే చుక్కకి కూడా నల్లటేపు అంటించింది.

పసిపిల్లలు ఉలిక్కిపడేది చీకటికి కాదు. ఏదైనా చప్పుడైనా, తల వెనక్కి వాలినట్టు అనిపించినా రెండు చేతులూ విదిలించి ఏడుస్తారు. మిట్టమధ్యాహ్నమైనా అంతే. ఐదారు నెలలకి అది దానంతటదే పోతుంది. చీకటి భయం వచ్చేది రెండేళ్లప్పుడో ఆ తర్వాతో, ఊహ తెలిశాక. బూచాణ్ణి పరిచయం చేసేది కూడా చాలావరకు మనమే.

ఇంకో భయం కళ్లజోడు. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. రెండేళ్లలోపు చీకట్లో పడుకున్న పిల్లల్లో 10 శాతానికి, బెడ్‌లైటులో పడుకున్నవాళ్లలో 34 శాతానికి, పెద్ద లైటులో పడుకున్నవాళ్లలో 55 శాతానికి దూరపు చూపు మందగించిందట. తల్లిదండ్రులు హడలిపోయారు. మరుసటి ఏడే అదే పత్రికలో వేరే బృందాలు పరీక్షించి, అలాంటి సంబంధమేదీ కనబడలేదన్నాయి. కళ్లజోడున్న తల్లిదండ్రులే పిల్లల గదిలో దీపం ఎక్కువగా వెలిగిస్తున్నారని తేలింది. ఆ చూపు బల్బు ఇచ్చింది కాదు, అమ్మానాన్నల పోలికతో వచ్చిందై ఉండొచ్చన్నమాట.

నిద్ర సంగతి వేరు. చీకటి పడ్డాక ఒంట్లో ఊరే మెలటోనిన్‌ని వెలుతురు ఆపేస్తుంది, అందులోనూ నీలిరంగు వెలుతురు మరీను. చల్లగా ఉంటుందని మనవాళ్లు ముచ్చటపడి కొనే బెడ్‌లైటు రంగు సరిగ్గా అదే! పుట్టిన బిడ్డకి రాత్రీ పగలూ తేడా తెలియదు. రెండు మూడు నెలలకిగానీ ఒంటి గడియారం కుదురుకోదు. రాత్రిపూట తల్లిపాలలో కొంత మెలటోనిన్ ఉంటుంది, తన గడియారం కుదిరేదాకా బిడ్డకి అదో ఆసరా. అందుకే పగలు కూడా కర్టెన్లు మూసి ఉంచే అమ్మాయి పద్ధతి నాకు నచ్చదు. పగలు వెలుతురు తగలకపోతే రాత్రికి అర్థమేముంది?

మా చిన్నప్పటి పురిటిగదిలో లాంతరు వత్తి బాగా తగ్గించి, మంచం తలవైపు నేలమీద పెట్టేవారు. పొత్తిగుడ్డ తడిసిందా, పాలు పొలమారాయా, తేలుగానీ జెర్రిగానీ వచ్చిందా అని చూసుకోవడానికి. ఆ దీపం తల్లి కోసం. బిడ్డకి దాని అవసరం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అలాగని రెండింటికి లేచి పాలిచ్చే మనిషిని కటిక చీకట్లో తడుముకోమనడం న్యాయం కాదు.

చివరికి ఎర్రటి చిన్న బల్బు ఒకటి తెచ్చి, బీరువా వెనక ప్లగ్గులో గోడవైపు తిప్పి పెట్టాం. పాలివ్వడానికి వెయ్యడం, అయ్యాక ఆర్పడం. కాకపోతే బిడ్డని ఒళ్లో వేసుకుని, నిద్ర ఆపుకోవడానికి ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే ఆ ఎర్రబల్బు ఖర్చు దండగే.