జంగ్లీఘాట్ నుంచి చూస్తే చాంపియన్–సేఠ్ గ్రంథం

మన దేశంలో అటవీశాస్త్రం చదివే విద్యార్థికి తప్పని పుస్తకం ఒకటుంది. 1936లో హెచ్.జి. చాంపియన్ భారత, బర్మా అడవుల రకాలపై తొలి సర్వే ప్రచురించారు. ఎస్.కె. సేఠ్‌తో కలిసి దాన్ని సవరించి 1968లో వెలువరించిన గ్రంథమే ఇది. వర్షపాతం, ఉష్ణోగ్రత, వృక్షజాతుల కూర్పు ఆధారంగా దేశపు అడవులన్నిటినీ 16 తరగతులుగా విభజించి, ఒక్కో రకానికి ఒక అంకె, ఒక అక్షరం కేటాయించారు. విద్యార్థులు వీటిని ఎక్కాల్లా వల్లె వేస్తారు. 2011లో భారత అటవీ సర్వే సంస్థ తెచ్చిన అటవీ రకాల అట్లాసుకూ పునాది ఇదే.

ఈ పుస్తకాన్ని జంగ్లీఘాట్ నుంచి ఒకసారి చూద్దాం. పోర్ట్‌బ్లెయిర్‌లోని (2024 నుంచి శ్రీ విజయపురం) ఈ చేపల రేవులో తెలుగు వినడానికి వెతకనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఆ ఇళ్ల పిల్లలు అటవీశాస్త్రం చదవబోతే, తమ ద్వీపాల గురించి ఈ పుస్తకం ఏం చెబుతుంది?

చాలానే చెబుతుంది. మహావృక్షాల సతతహరిత అరణ్యం, అండమాన్ సతతహరితం, అర్ధ సతతహరితం, తేమగల ఆకురాల్చే అడవి, తీర అడవి, మడ అడవి అంటూ ఇంత చిన్న నేలపై ఇన్ని రకాలను విడదీసి చూపడం సామాన్యమైన పని కాదు. అండమాన్ పడౌక్ ఆకురాల్చే అడవిలో ప్రధాన వృక్షం. మన రక్తచందనానికీ, వేగిసకూ ఇది ఒకే ప్రజాతికి చెందిన దాయాది. శేషాచలం చూసిన విద్యార్థి ఈ బంధుత్వాన్ని ఇట్టే పట్టుకుంటాడు.

చిక్కల్లా ఇక్కడే మొదలవుతుంది. ఆ ఆకురాల్చే అడవి ఎంతవరకు వాతావరణం సృష్టి, ఎంతవరకు గొడ్డలి సృష్టి? 1883లో అటవీ శాఖ ఏర్పడింది. ఛాతమ్ కోత మిల్లు మొదలైందీ ఆ ఏడే. తరువాత బి.ఎస్. చెంగప్ప రూపొందించిన పునరుత్పత్తి పద్ధతి వచ్చింది. పెద్ద కలప తీశాక అడుగు పొదలనూ, నడిమి వరుస చెట్లనూ క్రమంగా తొలగించి, పైకప్పును ఎత్తుతూ పోతారు. వెలుతురు నేలకు దిగి పడౌక్, గర్జన్ వంటి కలప జాతుల మొలకలు లేస్తాయి. పని తెలిసినవాడి పద్ధతే. కానీ దశాబ్దాలు ఇలా సాగిస్తే సతతహరిత అడవిలో ఆకురాల్చే జాతుల పాలు పెరగదా? ఈ ఆక్షేపణ బలంగానే వచ్చింది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక తరువాత 2002 మే 7న సుప్రీంకోర్టు ఆదేశంతో సహజ అడవుల్లో వాణిజ్యపు నరుకుడు ఆగింది. వర్గీకరణలోని అంకెలో మాత్రం ఈ చరిత్రకు చోటు లేదు. ‘3ఏ’ అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి. ఆ అడవి నిన్న ఏమై ఉండేదని అతణ్ణి ఎవరూ అడగరు.

మడ అడవుల సంగతి ఇంకా విచిత్రం. గోదావరి ముఖాన ఉన్న కోరింగ, అండమాన్ క్రీకులు రెండూ ‘4బి’ కిందికే వస్తాయి. కోరింగకు పెద్ద నది మంచినీరు, ఒండ్రు తెచ్చిపోస్తుంది. ఇక్కడ అలాంటి నది లేదు. అక్కడ నల్లమడ, తెల్లమడ, తిల్ల జోరు. ఇక్కడ ఊడల కాళ్లపై నిలిచే ఉప్పుపొన్నది పైచేయి. వల వేసేవాడికి ఇవి రెండూ ఒకటి కావు. పైగా 2004 డిసెంబరు 26న నేలే కదిలింది. పోర్ట్‌బ్లెయిర్ పరిసరాలు సుమారు ఒక మీటరు కుంగాయి, ఉత్తర అండమాన్ తీరం కొంత పైకి లేచింది. కుంగినచోట సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు చేరింది. లేచినచోట మడచెట్లు అలలందక ఎండిపోయాయి. అడవి తన ‘పరాకాష్ఠ’ స్థితికి చేరి స్థిరపడుతుందన్న భావనకు ఇది గట్టి పరీక్ష. (‘క్లైమాక్స్’కు ఈ అనువాదం నాకెప్పుడూ నాటకాన్నే గుర్తుచేస్తుంది. అయినా అంతకన్నా మంచి మాట దొరకలేదు.)

అయితే పుస్తకాన్ని అటకెక్కించాలని నేననను. 2022లో గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీభూమిని మళ్లించడానికి సూత్రప్రాయ అనుమతి ఇచ్చారు. బదులుగా మొక్కలు నాటేది హర్యానాలో! ఇది చాంపియన్, సేఠ్‌ల తప్పు కాదు. వాళ్ల పుస్తకం తెరిస్తే ఉష్ణమండల సతతహరిత అడవి ఒకటో తరగతి, హర్యానాలో కనిపించే ముళ్ల అడవి ఆరో తరగతి. ఒకటి పోయినచోట మరొకటి సరితూగదని ఆ విషయసూచికే చెబుతోంది. పరీక్ష కోసం దాన్ని కంఠస్థం చేసే విద్యార్థి రేపు అధికారై ఇలాంటి ఫైలు మీదే సంతకం పెట్టవలసి రావచ్చు. అతని అధ్యాపకులు ఈ రెండు తరగతులనూ పక్కపక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడిగితే బాగుండును.