నాలుగు తాళముల పెట్టె

గడచిన ఆదివారమున గుంటూరు ప్రాంతమందలి ఒక లూథరన్ సంఘములో ఆరాధన ముగిసిన పిదప, గుడి ముంగిట పందిరి క్రింద వృద్ధ వితంతువులను వరుసగా నిలువబెట్టి, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, బియ్యపు సంచియు చీరయు చేతికందించుచు, ఆ చేయి వెనుకకు పోకమునుపే ఛాయాచిత్రము తీయించుట చూచితిని. దాతల ముఖములతో నిండిన ఫ్లెక్సీ వెనుక వ్రేలాడుచుండెను. ఒక అవ్వ చిత్రము సరిగా రాలేదట. మరల పుచ్చుకొనుమని చెప్పగా ఆమె సంచిని తిరిగి యిచ్చి, చెంగు సర్దుకొని, రెండవమాఱు చేయి చాచెను. నాకు కలిగిన బాధ యింకను తగ్గలేదు.

ఈ శీర్షికను విడువక చదువువారు, నేను మరల గుప్పెడు బియ్యపు ప్రస్తావనకు వత్తునని యీపాటికే గ్రహించి యుందురు. వచ్చుచునే యున్నాను, దానమును గూర్చి నాకు తెలిసినదానిలో అధికభాగము ఆ కుండ యొద్ద నేర్చినదే. మా అమ్మ ఎసరు పెట్టి, ఆ పూటకు కావలసిన బియ్యము కొలిచి, కడుగుటకు ముందు అందుండి ఒక గుప్పెడు తీసి వంటింటి మూలనున్న చిన్న కుండలో వేసెడిది. బస్తాలోనుండి తీసిన చాలదా యని అడిగితిని. చాలదట, కొలిచిన బియ్యములోనుండియే తీయవలెనట, అనగా ఆ పూట మా కంచములలో పడవలసినదానినుండియే అది తగ్గవలెను. ఆదివారమున ఊరిలోని కుండలన్నియు మూటలై గుడికి చేరి ఒకే గంపలో పడెడివి. ఒకరివి సన్నబియ్యము, ఒకరివి దంపుడు బియ్యము, ఒకరివి వట్టి నూకలు. మెట్టపొలముల వారి జొన్నలకు వేఱొక గంప. కలిసిన పిమ్మట ఏ గింజ ఎవరిదో చెప్పగలవారెవరును లేరు. అందు కొంత వేలము వేయగా వచ్చిన సొమ్ము సంఘపు వ్యయములకు పోవును. కొంత, పొయ్యి వెలుగని యిండ్లకు పోవును. పొద్దు గ్రుంకిన తరువాత స్త్రీల సమాజపు పెద్దమ్మలు కొంగు చాటున దానిని మోసికొని పోయెడివారు. నేను మఱవలేనిది మఱొకటి యున్నది: ఆ రాత్రి బియ్యము పుచ్చుకొన్న యిల్లాలు మరునాడు వండుకొనునపుడు అందుండియే గుప్పెడు తీసి తన కుండలో వేసెడిది. ఆమెకు ఆ హక్కు లేదనినవాడు ఊరిలో లేడు.

కనుక దానము చీకటిలో జరుగవలెననియు, ఇచ్చినవాని పేరును పుచ్చుకొన్నవాని పేరును గాలికి సైతము తెలియరాదనియు వ్రాయుటకే నేడు కలము పట్టితిని. అయితే గుంటూరు చరిత్రనే తలచుకొన్నపుడు ఆ వాదము నిలువలేదు.

1842 జూలై 31న ఫాదర్ హయ్యరు గుంటూరు చేరినది మొదలు లూథరన్ మిషను వారి పాఠశాలలు, వైద్యశాలలు, వసతిగృహములు ఈ జిల్లాలో వెలసిన కథ పాఠకులకు తెలిసినదే. అందులో నాకు మిక్కిలి ప్రీతిపాత్రురాలు డాక్టరు అన్నా కుగ్లరు. ఆమెను పంపిన అమెరికా స్త్రీల సంఘము అప్పటికి వైద్యసేవకు సిద్ధపడి యుండలేదు. అందువలన 1883లో ఆమె వైద్యురాలయ్యు ఉపాధ్యాయినిగా వచ్చి, ఘోషాలోనున్న స్త్రీలకు చదువు చెప్పుచునే రోగులను చూచి, తుదకు 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెఱపించెను. 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. ఆమె చికిత్స వలన మేలు పొందిన ఏలూరు జమీందారు భుజంగరావుగారు, రోగుల బంధువులు ఉండి వండుకొనుటకై ఆసుపత్రి కెదురుగా సత్రము కట్టించిరి. ఆయన దానము పట్టపగలు, నడివీథిలో, అందఱెఱుగ జరిగినది. దానివలన ఏ రోగి తల వంచుకొనవలసి వచ్చెను? సత్రములో పొయ్యి వెలిగించుకొన్న పల్లెటూరి అత్తగారు ఎవరికిని చేయి చాపలేదు. తన యెసరు తానే పెట్టుకొనెను. కావున నన్ను బాధించినది దానము బహిరంగమగుట కాదు. ఆ అవ్వకు, పుచ్చుకొనుట తప్ప, ఆ పందిరి క్రింద మఱొక పని లేకపోవుట.

ఈ ఆలోచనతో లూథరు కాలపు లైస్నిగ్ కట్టడిని మరల చదివితిని. సాక్సనీ దేశములోని ఆ చిన్న పట్టణపు సంఘము 1523లో ఒక ఉమ్మడి పెట్టె నేర్పఱుచుకొని నిబంధనలు వ్రాసికొనగా, లూథరు దానికి పీఠిక వ్రాసి అచ్చువేయించెను. పెట్టెకు నాలుగు తాళములు. పదుగురు నిర్వాహకులు: దొరలలో ఇద్దఱు, పురపాలక సభనుండి ఇద్దఱు, పట్టణవాసులు ముగ్గురు, చుట్టుపట్ల పల్లెల రైతులు ముగ్గురు. ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క తాళపుచెవి. నలుగురును కూడిననే గాని మూత లేవదు. ప్రతి ఆదివారము పదునొకండు గంటలనుండి రెండు గంటలవఱకు కూర్చుండి బీదల సంగతి విచారింపవలెను. అనాథ బాలురకు చదువో చేతిపనియో నేర్పింపవలెను, పేద బాలికల పెండ్లికి సాయపడవలెను, పని సాగని చేతిపనివానికి అప్పీయవలెను. తీర్చలేకపోయినచో దైవము పేర విడిచిపెట్టవలెను. కఱవు కాలమునకు ధాన్యము నిలువచేయవలెను. ఏటికి మూడు పర్యాయములు సంఘమంతటినీ పిలిచి లెక్కలు చదివి వినిపింపవలెను.

మా పెద్దమ్మల చీకటి నడకను నేను ఇప్పటికిని ప్రేమింతును. అయినను ఆ చీకటిలో ఒక లోపమున్నది: వేలములో ఎంత వచ్చినదో, ఎవరింటికి ఎంత పోయినదో ఎవరును అడుగలేదు; అడుగుట మర్యాద కాదనిరి. గోప్యము వలన పుచ్చుకొన్నవాని గౌరవము నిలిచిన మాట నిజమే గాని, దాని చాటుననే ఒక్కొక్కచోట బీదల సొమ్ము కరగిపోయిన మాటయు నిజమే. లైస్నిగువారు బీదవానిని పందిరి క్రిందికి లాగుటకు మాఱుగా లెక్కలను పందిరి క్రిందికి తెచ్చిరి. అంతకంటె ముఖ్యముగా, నాలుగవ తాళపుచెవిని పల్లెవారి చేతిలో పెట్టిరి.

గడచిన ఆదివారము నేను చూచిన ఆ గుంటూరు ప్రాంతపు సంఘపు కోశాధికారి శ్రద్ధావంతుడగు యువకుడు. పుస్తకములు చక్కగా వ్రాయును. ఆయనతో నా మనసులోని మాట చెప్పితిని: ఫ్లెక్సీ తీసివేయుడు, పేర్లు పిలువకుడు, లెక్క మాత్రము గుడిలో గట్టిగా చదువుడు, బియ్యము పుచ్చుకొను అవ్వలలో ఇద్దఱిని కమిటీలో కూర్చుండబెట్టి, కానుకల పెట్టె తాళపుచెవి యొకటి వారికిండు. "పెద్దలు ఒప్పుకొందురా అండీ?" అని ఆయన అడిగెను. ప్రశ్న సమంజసమైనదే. లైస్నిగులోను పురపాలక సభ తన స్వాధీనములోనున్న ధర్మనిధులను పెట్టెకు అప్పగింప నిరాకరించెను. లూథరంతటివాడు సాక్సనీ ఏలికయగు ఫ్రెడరికునకు విన్నవించుకొన్నను కార్యము వెంటనే నెఱవేఱలేదు. అయినను కోతల పండుగకు ముందు జరుగు కమిటీలో విషయము ప్రస్తావింతునని ఆయన మాట యిచ్చెను. ఆ యిద్దఱు అవ్వల పేర్లు కమిటీవారు తేల్చరాదనియు, స్త్రీల సమాజమువారినే అడుగవలెననియు నేను పట్టుపట్టితిని.