అరచేతిలో అల్లిన వాక్యం

పసిపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అరచేయి చాపిస్తారు. అందులో పప్పు పెడతారు, అన్నం పెడతారు, నెయ్యి వేస్తారు. అంతా కలిపి, ఒక్కో వేలూ ముడుస్తూ ఇంట్లో అందరికీ తలో ముద్దా పంచుతారు. ఆ తర్వాత పెద్దవాళ్ళ చూపుడువేలూ నడిమివేలూ కాళ్ళై, మణికట్టు దగ్గర బయల్దేరి, మోచెయ్యి దాటి, అత్తవారింటికి దోవ అడుక్కుంటూ వెళ్ళి చంకలో చక్కిలిగింత పెడతాయి. ఈ ఆట ఆడని తెలుగిళ్ళు అరుదు. కొందరిళ్ళలో కూరా పెరుగూ కూడా చేరతాయి, ముద్దలు అందుకునేవాళ్ళ వరస మారుతుంది. కట్టుబడి మాత్రం మారదు. దీన్ని మలిచినవాళ్ళు ఎక్కడా పేరు రాసుకోలేదు. అమ్మమ్మలూ నాయనమ్మలూ తరతరాలుగా వాడి వాడి, అక్కర్లేనిదంతా రాల్చేసి మనకిచ్చారు. పిల్లలకు మాటలు వచ్చేందుకు ఇంతకంటే పొందికగా అమర్చిన ఆటను నేను చూడలేదు.

ముందు చప్పుళ్ళ సంగతి. పప్పు, బువ్వ, అమ్మ మూడూ పెదవులు కలిస్తే పుట్టే మాటలు. ముఖంలోకి చూస్తున్న పిల్లకు ఆ పెదవులు కలవడం, విడిపోవడం కళ్ళకు కనబడుతుంది. పసివాళ్ళ నోట ముందుగా పలికేవాటిలో ఈ ప, బ, మలు సాధారణంగా ఉంటాయి. పైగా ప్రతి మాటకూ ఒంటి మీద ఒక గుర్తు పడుతుంది. పప్పు అన్నప్పుడు అరచేతిలో వేలు తగులుతుంది, తాత అన్నప్పుడు ఒక వేలు ముడుచుకుంటుంది. చెవీ కన్నూ చెయ్యీ ఒకే మాటను ఒకేసారి అందుకుంటాయి.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ ఆటలోని వాక్యం. పెట్టి, వేసి, కలిపి, ఇచ్చి... అన్నీ అసమాపక క్రియలే. తెలుగులో వాక్యాన్ని ముగించే క్రియ చివర్న వస్తుంది. అంతవరకు ఎన్ని పనులనైనా ఇలా వరసగా పేర్చుకుంటూ పోవచ్చు. 'పెట్టి' అన్నారంటే ఇంకా ఏదో ఉందన్నమాట. ఏడాది నిండని పిల్లకు ఈ వ్యాకరణం ఎవరు చెప్పగలరు? ఆట చెబుతుంది. 'పెట్టి' అన్నప్పుడల్లా గొంతు కాస్త పైకి లేచి అక్కడే నిలుస్తుంది, చేయి కూడా తర్వాతి పనికి సిద్ధంగా ఉంటుంది. అన్నీ అయ్యాకే చక్కిలిగింత. వాక్యం ఎక్కడ ముగుస్తుందో నవ్వు అక్కడ ఉంటుంది. మన భాష నడకనే ఆటకు నడకగా పెట్టిన ఆ ఊహకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆట అలవాటయ్యాక అమ్మమ్మ ఒక చిన్న మార్పు చేస్తుంది. వేళ్ళు భుజం దాకా వచ్చి ఆగిపోతాయి. ఏమీ అనదు, పిల్ల ముఖంలోకి చూస్తూ ఉంటుంది. పిల్ల భుజం ముడుచుకుంటుంది, ఊపిరి బిగబడుతుంది, ఒక 'ఊఁ' వస్తుంది. లేదా చక్కిలిగింత రాకముందే నవ్వేస్తుంది. అప్పుడుగానీ వేళ్ళు కదలవు. ఆ 'ఊఁ'తో పిల్ల సంభాషణలో తన వంతు అందుకుంది. ఒకరు అన్నాక ఆగాలి, ఆగితే రెండోవారు అనాలి. మాటలు రాకముందే మాట్లాడుకునే పద్ధతి వచ్చేస్తోంది.

అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఆటల మీదే దృష్టి పెట్టారు. ఆయన తీసుకున్నది ముఖం దాచి చూపించే ఆట. మన ఇళ్ళలో చీరకొంగు చాటున ఆడేదే. వి. షేర్‌వుడ్‌తో కలిసి 1976లో ప్రచురించిన పరిశీలనలో ఆ ఆటను నాలుగు భాగాలుగా విప్పి చూపారు. చూపు కలపడం, దాక్కోవడం, కనబడడం, మళ్ళీ చూపు కలపడం. తల్లులు ఈ నాలుగింటినీ కదపలేదు. ఎంతసేపు దాక్కోవాలి, దాక్కున్నప్పుడు ఏమనాలి అన్నవి మాత్రం మారుస్తూ పోయారు. కొన్ని నెలలకు పిల్లలే గుడ్డ లాగడం మొదలుపెట్టారు, ఆ తర్వాత తామే దాక్కున్నారు. భాష నేర్చే శక్తి పుట్టుకతోనే ఉంటుందని భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ చెప్పారు. ఆ శక్తికి చెయ్యందించే ఏర్పాటు పెద్దల వైపు కూడా ఉండాలని 1983 నాటి 'చైల్డ్స్ టాక్' పుస్తకంలో బ్రూనర్ వాదించారు. కదలనిది ఎంత ఉండాలి, మారేది ఎంత ఉండాలి అన్న ఆ పాళ్ళు తెలియడంలోనే ఉంది పనితనమంతా. మరీ మార్చినా ఆట చెడుతుంది. ఒకరు దాక్కుని ఆ చోట ఇంకొకరు బయటికొస్తే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తక్కువగా నవ్వారని 1989లో పారట్, గ్లైట్‌మన్ గమనించారు. ఎవరు కనబడాలో పిల్లలకు ముందే ఒక అంచనా ఉంది మరి.

నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు జానపద గేయాలను పుస్తకాలకెక్కించి మనకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే భుజం దగ్గర వేళ్ళు ఆగే ఆ క్షణం అచ్చులో పడదు. ఫోన్‌లో వచ్చే పిల్లల పాటలకూ అదే లోటు. రంగులుంటాయి, రాగం ఉంటుంది, పిల్ల 'ఊఁ' అనేదాకా ఆగడం మాత్రం వాటికి చేతకాదు. 2003లో సియాటెల్‌లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు మాండరిన్ చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ చెప్పినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకున్నారు. టీవీలో చూపిస్తే పట్టుకోలేదు. 2014లో రోజ్‌బెరీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్ చేసిన ప్రయోగం ఇంకో మాట చెప్పింది. రెండు, రెండున్నరేళ్ళ పిల్లలు వీడియో కాల్‌లో తమకు బదులిచ్చే మనిషి దగ్గర కొత్త క్రియలు నేర్చుకున్నారు, రికార్డు చేసిన వీడియో దగ్గర నేర్చుకోలేదు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో మనవరాలు ఉన్న గుంటూరు అమ్మమ్మకు ఇది మంచి కబురు. పిల్ల చెయ్యి కూతురు పట్టుకుంటే చాలు, ఎక్కడ ఆగాలో అమ్మమ్మ చూసుకుంటుంది.

పిల్ల కాస్త పెద్దదయ్యేసరికి వీరి వీరి గుమ్మడిపండులో కళ్ళు మూయించుకుని, వచ్చినవాళ్ళ పేరు చెబుతుంది, చెమ్మచెక్కలో చప్పట్లతో పాటను ముక్కలుగా విరుస్తుంది. వాటిని వదిలి నేను ఏడు చేపల కథ దగ్గరికి వస్తాను. దాన్ని కథ అంటారు గానీ నా లెక్కలో అది ఆటే. సగం పిల్లే ఆడాలి.

ఎండని చేప దగ్గర మొదలై గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ దాకా నెపం ఒకరి మీంచి ఒకరి మీదికి పోతుంది. పెద్దవాళ్ళు జవాబు చెబుతారు, తర్వాతి ప్రశ్న పిల్ల అడగాలి. అందుకు ఆ జవాబులో విన్న పేరును పిలుపుగా మార్చుకోవాలి. ఆవు 'ఆవా' అవుతుంది, చీమ 'చీమా' అవుతుంది. తర్వాత క్రియను తిప్పాలి. గడ్డిమేటు 'అడ్డమొచ్చింది' అని చేప చెబితే, గడ్డిమేటును అడిగేటప్పుడు 'అడ్డమొచ్చావు' అనాలి. నాకు తెలిసిన వరసలో ఆ తర్వాత వచ్చేవి మేయలేదు, మేపలేదు, పెట్టలేదు. 'లేదు'తో ముగిసే క్రియ ఎవరితో మాట్లాడినా మారదు కాబట్టి విన్నది విన్నట్టే తిరిగి అడగొచ్చు. పిల్ల అక్కడ కాస్త తెరిపిన పడుతుంది. ఆ తెరిపిలోనే ఒక మెలిక ఉంది, ఆవు మేయడం వేరు, పాలేరు మేపడం వేరు. చివర్న మళ్ళీ కష్టమైనవి వస్తాయి. ఏడ్చాడు, ఏడ్చావు. కుట్టింది, కుట్టావు. తేలికవి నడుమన, కష్టమైనవి రెండు కొసల్లో.

చీమ ఒక్కటే నెపం ఇంకొకరి మీదికి నెట్టదు. పుట్టలో వేలు పెడితే తాను చెయ్యాల్సిందే చేశానంటూ ఎదురు ప్రశ్న వేస్తుంది. అంతవరకూ ప్రశ్నలు పిల్లవి, జవాబులు పెద్దవాళ్ళవి. ఇప్పుడు వంతులు తారుమారయ్యాయి. చాలామంది పిల్లలు నవ్వి ఊరుకుంటారు. కొందరు ఊరుకోరు, పిల్లాడు పుట్టలో వేలెందుకు పెట్టాడని అడుగుతారు. ఆ ప్రశ్న కథలో లేదు, దాన్ని కట్టే తీరు మాత్రం కథలోంచే వచ్చింది. అప్పుడిక పెద్దవాళ్ళు అప్పటికప్పుడు ఒక జవాబు అల్లుకోవాలి, దాని మీద పిల్ల ఇంకో 'ఎందుకు' వేస్తుంది.