‘సిద్ధార్థ రాగోదయము’ – చిత్రమునకుఁ గావ్యమునకుఁ గల సంబంధము

రాజమహేంద్రవరమునఁ గల దామెర్ల రామారావు చిత్రశాల చిన్నది. అయినను, విక్టోరియారాణి కాలమున నాంగ్లదేశమందుఁ జిత్రకవిత్వములకుఁ గలిగిన పొత్తు గోదావరీతీరమున కెట్లు వచ్చెనో విచారింపఁ గోరువారి కంతకంటెఁ దగిన తావు మఱొకటి యరిది. అచ్చటి కళాశాలకు 1909 మొదలు 1919 వఱకు అధ్యక్షుఁడుగా నున్న ఆస్వాల్డ్ కూల్డ్రే కవియుఁ జిత్రకారుఁడును. రామారావు (1897–1925) నందలి శక్తిని గుర్తించి ప్రోత్సహించినవాఁ డాతఁడే. ఆతని శిష్యులలో అడివి బాపిరాజు కలమును, కుంచెను రెంటిని విడువలేదు. కవికొండల వేంకటరావు కవిత్వమునే వరించెను. రామారావు బొంబాయి కేగి సర్ జె. జె. కళాశాలలో నభ్యసించి, చిత్రమునకే యంకితుఁడై, మశూచిచే నిరువదియెనిమిదవ యేట గతించెను.

రామారావు ప్రసిద్ధచిత్రములు కొన్ని కథల నాశ్రయించినవి గాన, అవి కవిత్వమునకు దాస్యము చేయుచున్నవని యాక్షేపింపవచ్చును. ఆంగ్లచిత్రకారులపైఁ గూడ నిట్టి నింద గలదు. రోసెట్టి 1849 నాఁటి తన మేరీకన్య బాల్యచిత్రపుఁ జట్టముమీఁదఁ దన పద్యమునే యెక్కించెను. పద్యము తోడు లేనిచోఁ జిత్రము నిలువఁజాలదా? 1857లో టెన్నిసన్ కవితలు సచిత్రముగా వెలువడినపుడు, హోల్మన్ హంట్ షాలట్ కాంత కేశములను సుడిగాలికి రేఁగినట్లు గీసెను. తాను చెప్పనిదానిని గీయనేల యని కవి యడిగెననియు, కవి పెక్కుపుటలలోఁ జెప్పినది తనకు అరపుటలోఁ జూపవలసి వచ్చినదని తాను బదులు పలికితిననియు హంటే వ్రాసికొన్నాఁడు. కవి కినుక సహజమే. మాట మాత్రము హంటుదే సరియైనది.

ఈ వివాదమునకు వ్యాకరణశాస్త్రమున నేనాఁడో దారి యేర్పడినది. కంసవధ యెన్నఁడో జరిగిపోయినది గదా, ‘కంసునిఁ జంపించుచున్నాఁడు’ అను వర్తమానప్రయోగ మెట్లు పొసఁగునని ప్రశ్నించుకొని, ‘హేతుమతి చ’ అను సూత్రముపై మహాభాష్యకారుఁడు నటులను, చిత్రములను, గ్రంథికులను వరుసగాఁ జూపెను. చిత్రమునందు ఎత్తిన దెబ్బయుఁ బడిన దెబ్బయుఁ గన్నులకే కానవచ్చును. గ్రంథికుఁడు మాటలచే శ్రోతల బుద్ధియందుఁ గథను వర్తమానము చేయును. సాధనములు వేఱు, ఒకరి కొకరు దాసులు గారు.

ఇఁక ‘సిద్ధార్థ రాగోదయము’. శాక్యకుమారునకు ననురాగము పొడముటయే దీని విషయము. అశ్వఘోషుఁడు బుద్ధచరితమున వివాహమును ముక్తసరిగాఁ జెప్పి దాఁటిపోయెను. కుమారుఁడు కన్యలకుఁ గానుక లిచ్చుట, కోరఁదగిన కన్య కడపట వచ్చుట లలితవిస్తరమునఁ గలవు. అచ్చట నామె పేరు గోప. 1879లో ఎడ్విన్ ఆర్నాల్డు ‘లైట్ ఆఫ్ ఏషియా’లో యశోధర పేర దీనిని విస్తరించెను, ఆ కావ్యమునే తిరుపతి వేంకటకవులు బుద్ధచరిత్రముగాఁ దెలిఁగించిరి. కవులకుఁ గ్రమము కావలెను: కానుకలు తీరిపోవలెను, ఆమె రావలెను, చూపులు కలియవలెను. క్రియ యనఁగాఁ గ్రమరూపమైన సాధ్యమని భర్తృహరి మతము. చిత్రకారునకుఁ గ్రమము లేదు. ఆతఁడు పెట్టిన పేరులోని ‘ఉదయము’ తిఙంతము గాదు, కృదంతము. కృత్తుచేఁ జెప్పఁబడిన భావము ద్రవ్యమువలెఁ దోఁచును. చిత్రము చేయఁగలిగినదియు నదియే. ‘రాగ’ శబ్దమునకు రంగనియు ననురాగమనియు రెండర్థము లుండుట యీ పేరున కొక యందము. ఒకరిపై నొకరికి మనసు కలుగుట చూడ, కథ తెలిసియుండ నక్కఱలేదు.

‘ఋష్యశృంగ బంధనము’ విషయ మట్లు కాదు. దాని కెంత పేరున్నను, ఆ కథకుఁ బ్రాణము మునికుమారుఁడు స్త్రీ నెన్నఁడును జూచి యెఱుఁగకుండుట. అది యభావము, దానికిఁ గుంచె లేదు. బాలకాండము చదివి వచ్చినవానికే యా చిత్రమందలి యాశ్చర్యము తెలియును. చదువని వానికి వేశ్యలు నొక యువకుఁడును మాత్రమే మిగులుదురు. పై యాక్షేపము రామారావునకుఁ దగులుట యిచ్చటనే.